డి డ్రైవ్‌లో అమ్మ పాటలు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో తెలుసు, మా చర్చిలో తెలుసు, పంజాగుట్టలో కంప్యూటర్లు రిపేరు చేసే భాయ్‌కి మరీ బాగా తెలుసు. కంప్యూటర్ పాడైన ఆ తొమ్మిది రోజుల్లో ఎవరెవరి మీద అరిచానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను డీటీపీ పని చేస్తాను. అమీర్‌పేట వెనక, ఎస్.ఆర్. నగర్ వైపు పోయే సందులో మా ఇల్లు. ముందు గదిలోనే కంప్యూటర్. పెళ్ళిపత్రికలు, విజిటింగ్ కార్డులు, హాస్టళ్ళ వాళ్ళు స్తంభాలకు అంటించుకునే కాగితాలు, అన్నీ నేను కొట్టి ఇచ్చేవే. పక్క గది అమ్మది. అమ్మ నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, ఆ తర్వాతా, చర్చి ఆడవాళ్ళతో కలిసి ఇంటింటి ప్రార్థన కూడికలకు తిరిగింది. ఆ కూడికల్లో వాళ్ళు సొంతంగా పాటలు కట్టుకునేవారు. ఏ పాటల పుస్తకంలోనూ లేని పాటలు. కూర తరుగుతూ, బస్సు కోసం నిలబడి కట్టిన పాటలు. అట్లాంటివి నలభై మూడు. వాటిలో సగానికి పైగా మా అమ్మవే. కొన్ని పాత క్యాలెండర్ల వెనక రాసి ఉండేవి, మిగతావి అమ్మ నోటనే ఉండేవి.

రెండేళ్ళ కిందట కంటి డాక్టరు అమ్మకు నీటికాసులని చెప్పాడు. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు కొన్నాళ్ళు నిలుస్తుందట, పోయిన చూపు మాత్రం తిరిగి రాదట. ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు అమ్మ ఏడవలేదు. "పాటలన్నీ పెద్ద పెద్ద అచ్చరాలతోని ఒక బుక్కు చెయ్యిరా. నా కండ్లతోని ఒక్కపారి చదువుకుంట. గంతకంటె నాకేం వద్దు" అంది.

చేస్తానన్నాను. ఆమె చెప్తుంటే కొట్టాను, క్యాలెండర్లు చూసి కొట్టాను. ఏడాది దాటేసరికి నలభై మూడూ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఎక్కాయి కదా అని ఆ క్యాలెండర్లను పాత పేపర్లతో పాటు అమ్మేశాను. ఒక్క ప్రింటు తీసి అమ్మ చేతిలో పెడితే అయిపోయేది. కానీ పెళ్ళిపత్రికల వాడిని కదా, ప్రతి పేజీకీ అంచు మీద పూలతీగ పెట్టాలని కూర్చున్నాను. తీగ బాగుంటే అక్షరం బాగుండలేదు, అక్షరం బాగుంటే తీగ బాగుండలేదు. మధ్యలో పెళ్ళిళ్ళ సీజను వచ్చింది. "ఎప్పుడిస్తవ్‌రా?" అని అమ్మ అడగడం, "ఇస్తానమ్మా, ఆగు" అని నేననడం, ఇట్లా ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక సోమవారం పొద్దున కంప్యూటర్ ఆన్ కాలేదు.

దాన్ని స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని, గ్యాస్ బండను తెచ్చుకున్నట్టు, పంజాగుట్ట తీసుకుపోయాను. భాయ్ దుకాణం మెట్లెక్కి పైకి పోవాలి. పదకొండేళ్ళ కిందట ఆ కంప్యూటర్‌ను బిగించి ఇచ్చింది ఆయనే. విప్పి చూసి పెదవి విరిచాడు.

"మదర్‌బోర్డు పోయింది అన్న. గీ బోర్డు గిప్పుడు దొరకది. డిస్క్ మాత్రం మంచిగున్నది, ఫికర్ చెయ్యకు."

పాత హార్డ్‌డిస్కును ఊడదీసి తన దగ్గరున్న చిన్న డబ్బాకు తగిలించి చూపించాడు. సి, డి, ఇ డ్రైవ్‌లు మూడూ కనపడ్డాయి. మా అమ్మ పాటలు దాంట్లోనే ఉన్నాయని చెప్పాను. "జర ఆగుతవా? పాటలు కాపీ కొట్టి పెన్‌డ్రైవ్‌ల ఏసిస్త" అన్నాడు.

"ఎందుకు భాయ్, ఒక కాపీ డి లో ఉంది కదా" అన్నాను.

ఈ డి సంగతి కొంచెం చెప్పాలి. మా కాలంలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ నేర్చుకున్నవాడు ఎవడైనా సరే, మొదటి రోజు విన్న మాట ఇదే. సి లో ఏమీ పెట్టొద్దు, డి లో పెట్టుకో, సి పోయినా డి ఉంటుంది. మాకు నేర్పిన సారు ఆ మాట బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు. నేను పాటల ఫోల్డర్‌ను సి లో ఒకటి పెట్టి, డి లో ఇంకోటి పెట్టి, రాత్రిళ్ళు నిశ్చింతగా పడుకునేవాడిని. ఏ మాటకామాటే చెప్పాలి, నా ఎరికలో చాలామంది ఇట్లాగే పడుకుంటున్నారు.

భాయ్ నా మొహం చూసి "అన్న, డి అంటె గది..." అని ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను. కొత్త బోర్డు తెప్పించడానికి నాలుగు రోజులు పడుతుందని ఆయన అంతకు ముందే అన్నాడు. నాలుగు రోజులా! అమీర్‌పేట నిండా దుకాణాలుంటే నాలుగు రోజులు ఎందుకు ఆగాలి? పాత డిస్కు సంచిలో వేసుకుని, కంప్యూటర్ ఖాళీ డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని బయలుదేరాను.

బోర్డు ఒక దుకాణంలో కొన్నాను. డ్రైవ్ ఇంకో దుకాణంలో కొన్నాను. కొత్త కంప్యూటర్‌కు కొత్త రకం డ్రైవ్ ఉంటే మంచిదని చెప్పి అమ్మిన కుర్రాడిది కోస్తా యాస. "ఇప్పుడంతా ఎం డాట్ టూనే సార్. వైర్లుండవు, ఏముండవు. బోర్డు మీదే స్లాట్‌లో దూర్చేసి స్క్రూ బిగించేయడమే. మీరే చేసుకోవచ్చండీ" అన్నాడు. చూస్తే బబుల్‌గమ్ పట్టీ అంత ఉంది. ఇంటికొచ్చి దూర్చాను. ఎంత బాగా కూర్చుందంటే, టక్కుమని చప్పుడు కూడా చేసింది. స్క్రూ బిగిసింది. ఆన్ చేశాను. లేదు. అట్లాంటి డ్రైవే లేదంటోంది కంప్యూటర్.

తీసి పెట్టాను. ఊది పెట్టాను. బనీను గుడ్డతో తుడిచి పెట్టాను. ఆ స్లాట్ మీద ఒక రేకు మూత ఉంటుంది, ప్రతిసారీ దాన్ని విప్పాలి. కోపంలో తిప్పి తిప్పి దాని స్క్రూ తల అరగదీశాను. మళ్ళీ పోయాను అమీర్‌పేట.

"ఫిట్ అయిందా సార్?" అన్నాడు డ్రైవ్ అమ్మినవాడు.

"ఫిట్ అయింది. కనపడట్లేదు."

"ఫిట్ అయితే కనపడాలండీ. బోర్డులో ఉంటుంది ప్రాబ్లెం, బోర్డు ఇచ్చినాయన్ని అడగండి."

బోర్డు ఇచ్చినాయన దగ్గరికి పోతే, "నా బోర్డు సీల్ తీసింది మీరే కద సార్. డ్రైవ్ ఇచ్చినోన్నే అడుగుండ్రి" అన్నాడు. ఒకడేమో అటు పొమ్మంటాడు, ఇంకొకడేమో ఇటు పొమ్మంటాడు. మెట్రో స్తంభాల కింద, ఆటోల మధ్య, మండే ఎండలో, కాళ్ళ మధ్య డబ్బాతో అటూ ఇటూ రెండు రోజులు తిరిగాను. నా ఖర్మ కాకపోతే, వేలెడంత ముక్క కోసం ఇంత తిరుగుడా? రెండో రోజు డ్రైవ్ అమ్మినవాడిని చాలా మాటలన్నాను. లోపలి గదిలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చి, డ్రైవ్ అంచును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"దీనికి రెండు గాట్లున్నాయండీ. రెండు గాట్లుంటే పాత తరం సరుకు, ఒక్క గాటుంటే కొత్త తరం. కొలతలు రెండింటివీ ఒకటే, స్క్రూ ఒకటే. అందుకే రెండూ దూరతాయి. కానీ మీరు పెట్టిన స్లాట్‌కి కొత్తదాని భాషే వచ్చు. పాతది ఎంత మొత్తుకున్నా దానికి వినపడదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మాట కలవని రెండింటిని ఒకదాన్లో ఒకటి దూరేట్టు ఎందుకు చేశార్రా మీరంతా? దూరకుండా చేస్తే మొదటి రోజే తెలిసిపోయేది కదా? ఆ పెద్దాయన మంచివాడు కాబట్టి పల్లెత్తు మాటనకుండా డ్రైవ్ మార్చి ఇచ్చాడు.

ఈ గోలంతా నడుస్తుండగా అమ్మ రోజుకు రెండుసార్లు గడప దగ్గరికొచ్చి నిలబడి "వచ్చినయారా?" అని అడిగేది. పాటలన్న మాట. మూడో రోజో నాలుగో రోజో "లావుగ రాసే నల్ల స్కెచ్ పెన్ను ఒకటి తెచ్చియ్యిరా, ఒక నోట్‌బుక్ సుత" అంది.

"ఇప్పుడు స్కెచ్ పెన్ను ఏంటమ్మా! నేనేం అవస్థ పడుతున్నానో చూస్తున్నావు కదా?" అని కసిరాను.

"చూస్తలేను రా. వింటున్న" అంది అమ్మ. వెటకారం ఆమెకు కొత్త కాదు. నేను పెన్ను తేలేదు. మర్నాటికి కింది వాటా ఆమెతో తెప్పించుకుంది. అప్పటినుంచి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఏదో రాస్తూ కూర్చునేది. ఏం రాస్తోందో నేను అడగలేదు. నా తలనొప్పి నాకుంది.

కొత్త డ్రైవ్‌ను తెచ్చాను కానీ, దారిలో పడిపోకుండా ఖాళీ మొదటి స్లాట్ మీద బిగించుకొచ్చిన మూత మళ్ళీ ఊడి రాలేదు. స్క్రూ తల అరగదీసుకున్న ఘనుడిని కదా! బోర్డు మీద కింద ఇంకో స్లాట్ ఉంది, మూత కూడా లేదు. దాంట్లో పెట్టాను. ఈసారి కనపడింది. ప్రాణం లేచొచ్చింది. విండోస్ ఎక్కించడం, మా పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌ను దాంట్లో పనిచేయించడం, వీటితో ఎనిమిదో రోజు వచ్చింది. ఇక మిగిలింది పాటలున్న పాత డిస్కును తగిలించడమే. దాని వైరు పొట్టిది. బోర్డు మీద వరసగా ఉన్న సాకెట్లలో అన్నిటికంటే చివరిదాని దాకానే అందింది. దాంట్లో గుచ్చి ఆన్ చేశాను.

సి ఉంది. అది కొత్తది. దాని పక్కన ఏమీ లేదు. డి లేదు.

చెవి పెట్టి విన్నాను. డిస్కు లోపల తిరుగుతున్న చప్పుడు వస్తోంది. తిరుగుతోంది గానీ కనపడట్లేదు. ఆపి చూశాను, వైరు మార్చి చూశాను, తడిమి చూశాను. అప్పుడు తట్టింది నాకు. సి, డి అని రెండు పేర్లే గానీ డిస్కు ఒక్కటే. నా రెండు కాపీలూ ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని చేస్తూ బతుకుతున్న మనిషికి ఆ ముక్క అప్పుడు తట్టింది.

"వచ్చినయారా?" అంది అమ్మ గడప దగ్గర్నుంచి.

"రాలేదమ్మా! వస్తే చెప్పనా? ఊకూకె అడగకు!" అని అరిచాను. అమ్మ గోడ పట్టుకుని తన గదిలోకి పోయింది. గోడ పట్టుకుని పోతోందని చూశాను. కానీ పట్టించుకోలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పంజాగుట్ట మెట్లు ఎట్లా ఎక్కానో నాకే తెలియదు. దుకాణంలో నలుగురు కస్టమర్లున్నారు. వాళ్ళ ముందే మొదలుపెట్టాను. "నీ డబ్బాకు తగిలించినంక పోయింది భాయ్ నా డిస్క్! మంచిగున్నది, ఫికర్ చెయ్యకు అని నువ్వే చెప్పావు కదా? మా అమ్మ పాటలున్నాయి దాంట్లో. ఆమె కళ్ళు పోతున్నాయి, నీకేమన్నా తెలుసా?" ఇంకా చాలా అన్నాను. రాయడానికి బాగుండదు.

భాయ్ నా మీద కోపం తెచ్చుకోలేదు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "డిస్క్ ఇటియ్యి అన్న" అన్నాడు. చిన్న డబ్బాకు తగిలించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సి, డి, ఇ. డి లో పాటల ఫోల్డర్.

కస్టమర్లు గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు.

"కాపీ కొట్టనా అన్న?" అని అడిగాడు, మొదటి రోజు అడిగినట్టే.

"కొట్టు భాయ్."

కాపీ అవుతుండగా నన్ను ఒక్కొక్కటే అడిగాడు. కొత్త డ్రైవ్ ఏ స్లాట్‌లో పెట్టావు? రెండోదాంట్లో. డిస్క్ వైరు ఎక్కడ గుచ్చావు? చివరిదాంట్లో. ఆయన నవ్వి, బోర్డు పేరు అడిగి ఫోనులో దాని మాన్యువల్ తెరిచి ఒక లైను చూపించాడు. చీమ తలకాయంత అక్షరాలు. రెండో స్లాట్‌లో డ్రైవ్ పెడితే చివరి రెండు సాకెట్లు పని చేయవు అని.

"రెండింటికి తొవ్వ ఒకటే అన్న. దాన్ని పెడ్తె దీన్ని బంద్ చేస్తది. డిస్క్ సచ్చిపోలే, ఏం గాలే. వైర్ తీసి మొదటిదాంట్ల గుచ్చు, వస్తది" అన్నాడు. తర్వాత ఆ మొదటి డ్రైవ్ గోల విని, "అరె, గదాన్ని సుత రెండో స్లాట్‌ల పెడితే కనపడుతుండె కద! మార్చుడే అక్కర లేకుండె" అన్నాడు. తల తీసుకుపోయి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ, మొదటి రోజు నేను వినకుండా పోయిన మాట అప్పుడు చెప్పాడు. "సి, డి అంటె ఒకటే అల్మారాల అరలు అన్న. అల్మారా పోతె ఏ అర మిగుల్తది?"

"తప్పయిపోయింది భాయ్" అన్నాను. నలుగురి ముందు అరిచినవాడిని, నలుగురి ముందే అన్నాను.

"ఇంట్ల పెద్దామె ఎదురుచూస్తుంటది. పో అన్న, జల్ది పో" అన్నాడాయన.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. పొడుగు వైరు ఒకటి ఇచ్చాడు భాయ్. మొదటి సాకెట్‌లో గుచ్చాను. డి వచ్చింది. పాటల ఫైలు తెరిచి, అమ్మ పాట ఒకటి తీసి, అక్షరాలు పెద్దవి చేసి, "అమ్మా! వచ్చినయ్!" అని కేకేశాను. తొమ్మిది రోజుల్లో ఇంట్లో నా నోట వచ్చిన మంచి మాట అదొక్కటే.

అమ్మను తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ముక్కు స్క్రీన్‌కు తగిలేంత దగ్గరగా వంగింది. "ఇంక పెద్దగ చెయ్యి" అంది. చేశాను. "ఇంక." చేశాను. స్క్రీన్ మొత్తం మీద రెండే అక్షరాలు నిలిచాయి. అమ్మ వేలు వాటి మీద పెట్టబోయి పక్కనున్న నల్ల అంచు మీద పెట్టింది. అక్కడే కాసేపు వెతికింది.

"దీని లైటు ఎక్కువున్నది రా, కండ్లు గుంజుతున్నయ్. గీ టీవీ మీద నాకు కనపడది. కాయితం మీదనైతే మంచిగ కనపడతది" అంది. తర్వాత లేచి, గోడ పట్టుకుని పోయి, నోట్‌బుక్ తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నీ డబ్బా బాగైతదో కాదో అని నేనే రాసుడు మొదలువెట్టిన. పదకొండు పాటలైనయ్. ఇగో, చదువు."

తెరిచాను. మొదటి పేజీలో నాలుగు లైన్లు తెలుస్తున్నాయి. ఐదో లైను నాలుగోదాని మీద రాసింది. తర్వాతి పేజీలో లైను మీద లైను, దాని మీద ఇంకో లైను. మూడో పేజీ నుంచి అంతా నలుపే. పేజీ మధ్యలో ఒకేచోట మళ్ళీ మళ్ళీ రాసింది. కాగితం కొన్నిచోట్ల తడిసి చిరిగింది.

"మంచిగున్నయా అచ్చరాలు?"

"బాగున్నాయమ్మా."

"అయితె చదువు మరి."

ఏం చేయను? నోట్‌బుక్‌ను ఒళ్ళో పెట్టుకుని, స్క్రీన్ మీద ఆ మొదటి పేజీ పాటే వెతికి, అక్షరాలు చిన్నవి చేసుకుని, స్క్రీన్‌లోంచే చదివాను.

"గుమ్మం కాడ నిలవడ్డవా, గొళ్ళెం నేనే తీయాలా... చేతుల నిండా పిండి ఉన్నది, కొంతసేపు వేచియుండుమా..."

"ఆగు ఆగు. వేచియుండుమా ఏంది? నేను గట్ల రాస్తనా? జర్ర సేపు ఆగరాదా అని రాసిన. సరిగ చూసి చదువు."

ఏడాది కిందట కొట్టేటప్పుడు, ప్రభువుతో మాట్లాడేది కాస్త గౌరవంగా ఉండాలని నేనే మార్చాను ఆ మాటను. స్క్రీన్ మీద దాన్ని కొట్టేసి అమ్మ మాట పెట్టాను. కీబోర్డు చప్పుడు వినపడకుండా మెల్లగా కొట్టాను.

"జర్ర సేపు ఆగరాదా" అని చదివాను.

"ఆ. చూసినవా? నా దాంట్ల ఒక్క తప్పు సుత ఉండది" అంది అమ్మ, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"లేదమ్మా. ఒక్కటి కూడా లేదు" అన్నాను. నోట్‌బుక్‌లో పేజీ తిప్పిన చప్పుడు ఆమెకు వినపడేట్టు తిప్పి, స్క్రీన్ మీద రెండో పాట తెరిచాను.